గంభీర గ్రంథపఠనం: ఒక నియమం

పుస్తకాలు చదవడం మంచిదని చెప్పని పెద్దలు లేరు. కాదని వాదించే విద్యార్థులూ లేరు. అయినా మన గ్రంథాలయాల్లో చరిత్ర, తత్త్వశాస్త్రం, విజ్ఞానశాస్త్రం, సాహిత్య విమర్శ అనే పేర్లు గల బీరువాల తాళాలు తీయవలసిన అవసరం ఏడాదిలో ఎన్నిసార్లు కలుగుతున్నదో ఆలోచిస్తే, ఈ ఏకాభిప్రాయం మాటల వరకే పరిమితమని తేటతెల్లమవుతుంది. విద్యార్థులలో జిజ్ఞాస లేదని మేము భావించడం లేదు. జిజ్ఞాస ఉన్నది, క్రమం కొరవడింది. గంభీరమైన గ్రంథాన్ని చదవడానికి గొప్ప ఉత్సాహం కావాలని అనేకులు తలుస్తారు. ఉత్సాహం పొంగు వంటిది. వచ్చినంత వేగంగా అణగిపోతుంది. గ్రంథాన్ని చివరి పుట దాకా తీసుకొనిపోయేది నియమం. ఆ నియమం ఎట్టిదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గంభీర గ్రంథమంటే ఏమిటి? పుటల సంఖ్యను బట్టిగానీ, భాషా కాఠిన్యాన్ని బట్టిగానీ దీనిని నిర్ణయించరాదు. ఒక ప్రశ్నను స్వీకరించి, ఆధారాలు చూపి, వాదాన్ని మెట్టు మీద మెట్టుగా నిర్మించే పుస్తకం గంభీర గ్రంథం. పదవ పుట బోధపడనిదే దానిలో ఇరవయ్యవ పుట బోధపడదు. గైడు పుస్తకం జవాబును అందిస్తుంది; ఇటువంటి గ్రంథం ఆ జవాబు ఏ దారిన వచ్చిందో చూపుతుంది. పరీక్షకు మొదటిది కొంత ఉపకరించవచ్చు. కానీ ఏ గైడులోనూ లేని ప్రశ్న ఉద్యోగంలోనో, న్యాయస్థానంలోనో, ప్రయోగశాలలోనో, గ్రామసభలోనో ఎదురైననాడు ఆదుకొనేది రెండవదే. నవలలను, వారపత్రికలను మేము తక్కువ చేయడం లేదు. వాటి ఆనందం వాటిది. అయితే అవి పాఠకుని తమ వెంట లాగుకొనిపోతాయి. గంభీర గ్రంథం వెంట పాఠకుడే ప్రయత్నపూర్వకంగా నడవవలసి ఉంటుంది.

ఆ నడకలో మొదట ఎదురయ్యే అడ్డంకి నిరాశ. 'చదివాను, అర్థం కాలేదు, ఇది నావల్ల కాదు' అని పుస్తకం మూసివేసే విద్యార్థి ఇబ్న్ సీనా (980–1037) చరిత్రను గుర్తు చేసుకోవాలి. వైద్యశాస్త్రంలోనూ తత్త్వశాస్త్రంలోనూ శతాబ్దాల పాటు ప్రపంచానికి గురుస్థానంలో నిలిచిన ఈ మేధావి, యౌవనంలో అరిస్టాటిల్ రచించిన 'మెటాఫిజిక్స్'ను 40 సార్లు చదివినట్లు తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. గ్రంథం కంఠస్థమైందట, భావం మాత్రం బోధపడలేదట. ఒకనాడు పుస్తకాల అంగడిలో ఆ గ్రంథ ఉద్దేశాలను వివరిస్తూ ఫారాబీ వ్రాసిన పుస్తకం 3 దిర్హములకు లభించింది. ఇంటికి పోయి దానిని చదవగానే అంతవరకు మూసుకొని ఉన్న అర్థమంతా తెరచుకొన్నది. ఆ సంతోషంతో మరునాడు దైవానికి కృతజ్ఞతగా పేదలకు దానధర్మాలు చేశాడు.

ఈ వృత్తాంతం రెండు విషయాలను బోధిస్తున్నది. అర్థం కాకపోవడం మందబుద్ధికి గుర్తు కాదు. అంతటివానికే అది తప్పలేదు. కేవలం పునశ్చరణ కూడా చాలదు. కఠినమైన గ్రంథానికి తోడుగా మరొక వివరణ గ్రంథమో, గురువో కావాలి. అయితే ఆ 40 పఠనాలు వ్యర్థం కాలేదని కూడా గ్రహించాలి. మూలం మనస్సులో సిద్ధంగా ఉన్నందువల్లనే వివరణ ఒక్క పఠనంతో ఫలించింది.

ఇక నియమాల విషయం. మొదటిది కాలనియమం. రోజుకు అరగంట చాలు. కానీ అది ప్రతిదినం ఒకే వేళ కావాలి. సాయంకాలం దుకాణంలో తండ్రికి సాయపడే విద్యార్థికి, ఇంటి పనిలో తల్లికి తోడుండే విద్యార్థినికి ప్రాతఃకాలమే అనుకూలం. ఆ అరగంటా సెల్‌ఫోన్ వేరొక గదిలో ఉండాలి. చేతికందేంత దూరంలో ఉన్నంతవరకు మనస్సులో సగం దాని వద్దనే ఉంటుంది.

రెండవది పరిమాణ నియమం. రోజుకు 10 పుటల చొప్పున నెలకు 300 పుటలు, ఏడాదికి 3,650 పుటలు అవుతాయి. 300 పుటల పుస్తకాలు 12. మూడేళ్ల డిగ్రీ చదువు ముగిసేసరికి 36. విషయం కఠినమై రోజుకు 5 పుటలే సాగినా 18 గ్రంథాలు మిగులుతాయి. పద్దెనిమిది మంచి గ్రంథాలు చదివిన పట్టభద్రుడు ఏ సభలోనూ తలవంచుకొని కూర్చోనక్కరలేదు. ఒకరోజు తప్పితే మరునాడు రెట్టింపు చదవబూనరాదు; ఆ అప్పు పెరిగి చివరకు పఠనాన్నే మాన్పిస్తుంది. విడిచిన పుట నుండి మామూలుగా కొనసాగించాలి.

మూడవది లేఖన నియమం. చదవడం ముగియగానే పుస్తకం మూసి, అందలి సారాంశాన్ని సొంత మాటల్లో మూడు వాక్యాలుగా నోటుపుస్తకంలో వ్రాయాలి. వ్రాయలేకపోతే కళ్లు చదివాయి గాని మనస్సు చదవలేదని అర్థం. ఆ పుటలను తిరిగి చూడాలి. తెలియని ప్రతి పదానికీ నిఘంటువు కోసం లేస్తే వాదసూత్రం తెగిపోతుంది. పదాలను పక్కన వ్రాసుకొని ప్రకరణం చివర చూసుకోవడం మేలు. గ్రంథాలయ పుస్తకంపై గీతలు గీయరాదు. పుట సంఖ్యను నోటుపుస్తకంలో గుర్తించుకొంటే చాలు.

ఈ నియమాలను ఒక గ్రంథానికి అన్వయించి చూద్దాం. సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడింది. 1955లో తెలుగు గ్రంథాలలో మొట్టమొదటగా కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని పొందింది. మొదటి రోజు పీఠిక, విషయసూచిక మాత్రమే చదవాలి. గ్రంథకర్త ప్రశ్న ఏమిటో అక్కడ తెలుస్తుంది: రాజుల యుద్ధాలను పక్కన ఉంచితే, సామాన్య జనులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడారు, ఎట్లా వ్యాపారం చేశారు? ఈ ప్రశ్నకు వారు శాసనాలతోపాటు కావ్యాలను కూడా సాక్ష్యంగా పిలిచారు. కాకతీయుల కాలపు ఓరుగల్లు జీవితానికి 'క్రీడాభిరామం' ఒక ఆధారం. ఇక్కడ విద్యార్థి నోటుపుస్తకంలో వ్రాసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: కవి వర్ణన చరిత్రకు ఎంతవరకు సాక్ష్యం కాగలదు? ఆ ప్రశ్నతో చదివితే ప్రతి ప్రకరణం పరిశోధనగా మారుతుంది. అది లేకుండా చదివితే వింత విషయాల పట్టికగా మిగిలిపోతుంది. తోడుగా అదే యుగపు రాజకీయ చరిత్ర ఒకటి దగ్గర ఉంచుకొంటే ఫారాబీ పుస్తకం చేసిన మేలే అది చేస్తుంది.

మన విద్యార్థులలో అనేకులకు ఇంట ఉర్దూ, బడిలో తెలుగు. దీనిని భారంగా భావించేవారున్నారు. పఠనం విషయంలో ఇది పెద్ద ఆస్తి. ఉర్దూలో ఉన్నత విద్యాబోధన లక్ష్యంగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1917లోనే అనువాదశాల, అనగా దారుల్ తర్జుమా, స్థాపితమై శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. దాశరథిగారు గాలిబ్ కవిత్వాన్ని 'గాలిబ్ గీతాలు'గా తెలుగు చేశారు. దువ్వూరి రామిరెడ్డిగారు పారసీ నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను 'పానశాల'గా మనకిచ్చారు. రెండు భాషలూ వచ్చిన విద్యార్థి గాలిబ్ మూలాన్ని, దాశరథి అనువాదాన్ని పక్కపక్కన ఉంచుకొని చదవగలడు. ఒకే భాష తెలిసినవారికి ఈ భాగ్యం లేదు. కానీ ఏ భాషలోనూ పాఠ్యపుస్తకం దాటి చదవకపోతే, కొన్నేళ్లకు రెండు భాషలూ బజారు మాటలకే పరిమితమవుతాయి. అప్పుడు పోయేది ఒక విద్యార్థి మార్కులు కావు. రెండు సాహిత్యాల వారసత్వం.

ఈ సందర్భంలో కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక మనవి. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాదులు వేసిన ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో మొదటిది, పుస్తకం ఉన్నది ఉపయోగానికే అన్న భావన. బీరువాలో భద్రంగా ఉన్న పుస్తకం కన్నా చేతులు మారి అంచులు నలిగిన పుస్తకమే సంస్థకు గౌరవం. తరగతులు ముగిసిన తరువాత ఒక గంట పఠనాలయాన్ని తెరచి ఉంచడం, పెద్ద గ్రంథాలను నెల రోజుల గడువుకు ఇవ్వడం, నెలకొకమారు ఒక విద్యార్థి తాను చదివిన గ్రంథంపై పది నిమిషాలు ప్రసంగించే ఏర్పాటు చేయడం: ఈ మూడింటికీ పెద్ద వ్యయం లేదు.

అభ్యాసం కూసువిద్య అన్నారు పెద్దలు. ఈ సంచిక చేతికి వచ్చిన రోజే గ్రంథాలయానికి వెళ్లి, ఉర్దూలోగానీ తెలుగులోగానీ ఒక గ్రంథాన్ని ఎన్నుకొని, పేరు వ్రాయించుకొని ఇంటికి తీసుకొనిపోవలసిందిగా విద్యార్థులను కోరుతున్నాము. ఆ రాత్రికి పది పుటలు, మూడు వాక్యాలు చాలు.