ముళ్లపొదలోంచి పిలిచిన స్వామి

వెలి అయినవారిని చేరదీసే కొండగట్టు అంజన్న సన్నిధి మనకు నేర్పే పాఠం

భగవంతుని సన్నిధికి అందరూ ఒకే విధంగా రారు. కొందరు కోరిక తీరిందని వస్తారు. కొందరు తీరాలని వస్తారు. మరికొందరిని మాత్రం ఎవరో ఒకరు చేయి పట్టుకొని తీసుకువస్తారు. కొండగట్టు ఆంజనేయస్వామి ఆలయానికి మీరు ఏ మంగళవారమో, శనివారమో వెళ్లి ఉంటే ఈ మూడో కోవకు చెందినవారిని తప్పక చూసి ఉంటారు. తల్లి కొంగు పట్టుకొని నేల చూపులు చూస్తూ నడిచే యువకుడు, తనలో తాను మాట్లాడుకొనే ఇల్లాలు, ఉలికిపడుతూ ప్రదక్షిణ చేసే నడివయసు మనిషి. వారి పక్కనే, రాత్రుళ్లు నిద్ర ఎరుగని కళ్లతో వారి కుటుంబీకులు. మనోవ్యాధులతో బాధపడేవారిని అంజన్న సన్నిధిలో పదకొండు రోజులో, ఇరవై ఒక్క రోజులో, మండల కాలమో ఉంచి సేవ చేయిస్తే నయమవుతుందన్న విశ్వాసం ఉత్తర తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా ఉన్నది.

వారిని చూసినప్పుడు మీ అడుగులు ఎటు పడ్డాయి? దగ్గరకా, దూరంగానా? పిల్లలను పక్కకు లాక్కున్నారా? ఈ ప్రశ్న మిమ్మల్ని నొప్పించడానికి కాదు. స్వామి దర్శనానికి వెళ్లి, స్వామి చేరదీసినవారికి దూరంగా జరిగితే ఆ దర్శన ఫలం పూర్తిగా దక్కుతుందా అని ఆలోచించడానికే.

దేవుడే నీడ అడిగిన చోటు

కొండగట్టు స్థలపురాణం భక్తులకు సుపరిచితమే. సుమారు మూడు శతాబ్దాల క్రితం కోడిమ్యాల ప్రాంతానికి చెందిన సింగం సంజీవుడనే పశువుల కాపరి తప్పిపోయిన పశువును వెదుకుతూ ఈ కొండల్లో తిరిగాడు. అలసి ఒక చెట్టు కింద కునుకు తీశాడు. స్వప్నంలో ఆంజనేయుడు సాక్షాత్కరించి, తాను ఈ ముళ్లపొదలో ఉన్నానని, ఎండకు, వానకు, ముళ్లకు తనకు రక్షణ కల్పించమని కోరి, పశువు జాడ కూడా చెప్పాడు. మేల్కొన్న కాపరికి పశువు దొరికింది. పొదను తొలగించగా స్వామి దర్శనమిచ్చాడు. గ్రామస్తుల సాయంతో అతడు చిన్న గుడి కట్టాడు. తరువాతి కాలంలో కృష్ణారావు దేశ్‌ముఖ్ ఆలయాన్ని నిర్మించారని చెబుతారు. ఒకవైపు నరసింహుని ముఖం, మరొకవైపు ఆంజనేయ ముఖం, శంఖచక్రాలు, హృదయాన సీతారాములు కలిగిన ఈ మూర్తి విశిష్టమైనది.

ఈ కథను మనం మహిమగానే వింటాం. ఒక్కసారి నిదానంగా మననం చేసుకోండి. ఇక్కడ స్వామి గోపురం కింద కొలువుదీరి భక్తుని పిలవలేదు. ముళ్ల నడుమ, ఎండవానల్లో, ఎవరి కంటా పడకుండా ఉన్నాడు. తనకింత నీడ కావాలని అడిగాడు. అడిగినది పండితుణ్ణి కాదు, ప్రభువును కాదు, పశువుల కాపరిని. ఆ కాపరి ఇది భ్రమ అని కొట్టిపారేయలేదు, భయపడి పారిపోలేదు. దగ్గరకు వెళ్లి, పొదను తొలగించి చూశాడు. ముళ్లను చూసి వెనుదిరిగి ఉంటే ఈ క్షేత్రమే లేదు.

మనిషికి ముందు ముద్ర

మనోవ్యాధి ఉన్న మనిషి చుట్టూ కూడా ఒక ముళ్లపొద పెరుగుతుంది. అది వ్యాధి పెంచినది కాదు, మన మాటలు పెంచినది. 'గాలి సోకింది', 'దయ్యం పట్టింది', 'మతి చెడింది', 'పూర్వజన్మ పాపం' అన్న మాటలు ఎంత తేలికగా మన నోట వస్తాయో గమనించండి. మాటామాటా పెరిగితే 'ఎర్రగడ్డకు పంపాలి' అని నవ్వుకుంటాం. హైదరాబాదులోని ఎర్రగడ్డలో ఉన్నది మానసిక చికిత్సాలయం. గుండె ఆసుపత్రి పేరును, కంటి ఆసుపత్రి పేరును మనమెన్నడూ తిట్టుగా వాడలేదు. ఆ ఒక్క ఊరి పేరును తిట్టుగా మార్చినందువల్ల ఎన్ని కుటుంబాలు ఆ గుమ్మం తొక్కడానికి జంకాయో ఎవరు లెక్కించగలరు?

ఈ వ్యాధులు అరుదైనవీ కావు. బెంగళూరులోని జాతీయ సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో ప్రతి 100 మందిలో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అంటే మీ వీధిలో, బహుశా మీ బంధువర్గంలోనే అటువంటివారు ఉన్నారు. వారు కనిపించకపోవడానికి కారణం వారు లేకపోవడం కాదు, దాగి ఉండడం. ఆడపిల్లకైతే సంబంధాలు రావని, కొడుకుకైతే కొలువు దక్కదని తల్లిదండ్రులే తలుపులు మూసుకుంటారు. సొంత ఇంట్లోనే పరాయితనం అనుభవించడం కన్నా పెద్ద వెలి ఏమున్నది?

సుగ్రీవుని సందేహం, హనుమ తీర్పు

పరాయివానిని ఎలా చూడాలో రామాయణం రెండు ఘట్టాల్లో బోధించింది. రెండింటిలోనూ సందేహించినవాడు సుగ్రీవుడు, సందేహాన్ని దాటించినవాడు హనుమంతుడు.

మొదటిది ఋశ్యమూక పర్వతం వద్ద జరిగింది. నారచీరలు, చేతుల్లో ధనుస్సులతో వస్తున్న ఇద్దరిని చూసి సుగ్రీవుడు వాలి పంపిన గూఢచారులని వణికిపోయాడు. ఆ వచ్చినవారు రామలక్ష్మణులు! దూరం నుంచి నిర్ణయించకుండా హనుమ వారి వద్దకు వెళ్లి, మృదువుగా పలకరించి, వారి మాట విన్నాడు. ఆ పలకరింపు నుంచే రామసుగ్రీవ మైత్రి పుట్టింది.

రెండవది సముద్ర తీరంలో జరిగింది. అన్నను విడిచి నలుగురు అనుచరులతో విభీషణుడు శరణు కోరి వచ్చాడు. రాక్షసుడు, పైగా రావణుని తమ్ముడు, నమ్మరాదని సుగ్రీవుడు అన్నాడు. పరీక్షించాలని అంగదుడు, చారులను పంపాలని శరభుడు, వచ్చిన వేళ, చోటు అనుమానాస్పదమని జాంబవంతుడు, ప్రశ్నించి చూడాలని మైందుడు చెప్పారు. అందరూ చూసినది అతని పుట్టుకను. హనుమ ఒక్కడే అతని ముఖాన్ని చూశాడు, మాటను విన్నాడు. అతని ముఖం ప్రసన్నంగా ఉన్నది, పలుకులో కపటం లేదు, స్వీకరించదగినవాడని తన అభిప్రాయం చెప్పాడు. శ్రీరాముడు ఇంకొక అడుగు ముందుకు వేసి, తనను ఆశ్రయించిన వేటగానికి ఆతిథ్యమిచ్చిన పావురం కథను గుర్తుచేసి అభయమిచ్చాడు.

ఒకనాడు రాముణ్ణే శత్రువని పొరబడిన సుగ్రీవుడు మళ్లీ అదే సందేహంలో పడ్డాడంటే, మనసులో నాటుకున్న ముద్ర ఎంత మొండిదో తెలుస్తున్నది. ఒక్క అనుభవంతో అది చెరగదు. ప్రతి కొత్త మనిషి విషయంలోనూ మళ్లీ చెరుపుకోవలసిందే.

అశోకవనంలో హనుమ నేర్పిన పలకరింపు

మనసు చెదిరినవారితో ఎలా మాట్లాడాలి? దీనికి సుందరకాండను మించిన పాఠం లేదు. అశోకవనంలో సీతమ్మ ఏ స్థితిలో ఉన్నది? నిద్రాహారాలు లేవు, చుట్టూ బెదిరించేవారు, ప్రాణత్యాగానికి సైతం సిద్ధమైన వేదన. శింశుపా వృక్షంపై కూర్చున్న హనుమ చెంగున ఎదుటికి దూకలేదు. ఎంతో ఆలోచించాడు. పండితునివలె సంస్కృతంలో మాట్లాడితే తనను రావణుడని భయపడుతుందేమోనని, ఆమెకు అర్థమయ్యే సామాన్యుల పలుకునే ఎంచుకున్నాడు. ముందుగా రామకథను చెవిన పడేలా మెల్లగా చెప్పాడు. ఆమె ఇది కలేమో అనుకున్నది. రావణ మాయ అని శంకించింది. హనుమ నొచ్చుకోలేదు, వాదించలేదు. ఓపికగా ఆనవాళ్లు చెప్పి, ఉంగరం అందించి నమ్మకం కలిగించాడు.

మీ ఇంటి మనిషి మాట్లాడటం మానేసినప్పుడు, అనుమానంతో చూసినప్పుడు, లేనివి కనిపిస్తున్నాయని చెప్పినప్పుడు ఈ ఘట్టాన్ని తలచుకోండి. గద్దించడం, కొట్టడం, నలుగురిలో నిలదీయడం హనుమ మార్గం కాదు.

అంతెందుకు, సీత జాడ దొరకనప్పుడు మహాబలుడైన హనుమంతుడే నిరాశతో ప్రాణత్యాగం గురించి ఆలోచించాడు. ఆపై జీవించి ఉంటేనే శుభం చూడగలమని నిశ్చయించుకొని లేచాడు. నిరాశ బలహీనులకే వస్తుందన్న అపోహకు ఇంతకన్నా సమాధానం వేరే అక్కరలేదు.

సంజీవని తెచ్చినవాడు ఔషధాన్ని వద్దంటాడా?

గుడికి తీసుకువెళితే మందులెందుకు అని కొందరు, మందులుండగా గుడి ఎందుకని కొందరు వాదిస్తారు. రెండూ తొందరపాటు మాటలే. తమిళనాడులో ఒక ఆలయంలో బస చేసిన 31 మంది మనోవ్యాధిగ్రస్తులను నిమ్హాన్స్ పరిశోధకులు పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరాలు ప్రచురించారు. సగటున ఆరు వారాలు అక్కడ గడిపిన వారిలో వ్యాధి లక్షణాల తీవ్రత దాదాపు ఐదో వంతు తగ్గింది. అక్కడ ప్రత్యేక తంతులేవీ లేవు. భయపెట్టని వాతావరణం, తోడున్న కుటుంబం, చేతనైన చిన్న పనులు, ఆదరణ మాత్రమే ఉన్నాయి. ఇది చిన్న అధ్యయనమే, మందులకు ప్రత్యామ్నాయమని చెప్పదు. అయితే ఆదరణకు ఉన్న శక్తిని చూపుతున్నది.

ఆదరణ లేని చోట ఏమవుతుందో 2001 ఆగస్టు 6న లోకం చూసింది. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో బంధించి ఉన్న రోగులు కదలలేకపోయారు. 28 మంది ఆహుతయ్యారు. ఏ మతమైనా, ఏ క్షేత్రమైనా గొలుసు గొలుసే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది.

పూజ, వైద్యం చేతులు కలిపిన చోట్లూ ఉన్నాయి. తిరుచిరాపల్లి సమీపాన కావేరీ తీరంలోని గుణశీలం ప్రసన్న వెంకటాచలపతి ఆలయంలో 48 రోజులు బస చేసే సంప్రదాయం నేటికీ ఉన్నది. అక్కడ మానసిక వైద్యుల సేవలు కూడా అందుతాయి. గుజరాత్‌లోని ఉనావా దర్గాలో ప్రార్థనతోపాటు మందులు ఇచ్చే ఏర్పాటు జరిగింది. లక్ష్మణుని కోసం ఓషధీ పర్వతాన్నే పెకలించి తెచ్చినవాడు మన స్వామి. ఆ పర్వతంలో ఒక ఖండం ముత్యంపేట వద్ద జారిపడి కొండగట్టుగా మారిందనే కదా ఇక్కడి భక్తుల నమ్మిక! అటువంటి కొండ ఎక్కి మందు మానడం స్వామికి ప్రీతికరమా?

'స్వామి' అన్న పిలుపు

కొండగట్టు చుట్టుపక్కల జిల్లాల్లో హనుమాన్ దీక్ష ఏటా వేలమంది జీవితాల్లో మలుపుగా నిలుస్తున్నది. కాషాయ వస్త్రాలు, తెల్లవారుజామున స్నానం, సాత్వికాహారం, నేలపై శయనం, మద్యమాంసాల వర్జన. 41 రోజులు, లేదా 21, 11 రోజులు ఈ నియమాలు పాటించి జయంతినాడు కొండపై మాల విరమిస్తారు. వీటన్నిటిలోకి గొప్ప నియమం ఒకటున్నది. దీక్షాపరులు పరస్పరం 'స్వామి' అనే సంబోధించుకుంటారు. నిన్నటిదాకా ఊరంతా తాగుబోతు అన్న మనిషిని ఇవాళ భార్య, తల్లి, పొరుగువారు అందరూ 'స్వామి' అంటారు. ఆ పిలుపుకు తగినట్టు బతకాలన్న తపన అతనిలో కలుగుతుంది.

ఇక్కడ కుటుంబీకులు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి అతిగా తాగినవారు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. కొందరికి తొలి రెండు రోజుల్లో మూర్ఛ, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, వినిపించడం సంభవించవచ్చు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు సరఫరా హఠాత్తుగా తగ్గినప్పుడు తెలంగాణలో ఎందరో ఇటువంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. దీక్ష మూడో రోజున ఇలా జరిగితే 'నియమం తప్పాడు, స్వామి ఆగ్రహించాడు' అని అనకండి. అది ప్రాణాపాయం కాగల స్థితి, వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. మాల వేయడానికి ముందే వైద్యుని సలహా తీసుకోవడం ఇంకా మేలు. మనోవ్యాధికి మందులు వాడేవారు దీక్షలోనూ మానరాదు.

నలభై రెండో రోజు

మాల తీసిన మరునాడే అసలు పరీక్ష మొదలవుతుంది. అది దీక్షాపరునికే కాదు, మనకు కూడా. 'ఎన్నాళ్లుంటాడులే' అని పాత పేరుతో పిలిస్తే అతణ్ణి మళ్లీ ముళ్లపొదలోకి నెట్టినట్లే. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన మనోవ్యాధిగ్రస్తుని విషయంలోనూ అంతే.

బాల్య చాపల్యానికి మునుల శాపం పొందిన ఆంజనేయుడు తన బలాన్నే మరచిపోయాడు. సముద్ర తీరాన మౌనంగా ఒక పక్కన కూర్చున్నాడు. జాంబవంతుడు దగ్గరకు వెళ్లి, అతని పుట్టుకను, శక్తిని గుర్తుచేశాడు. ఆ మాటలతోనే హనుమ పెరిగాడు, కడలి దాటాడు. పక్కన ఒంటరిగా కూర్చున్న మనిషి మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? అతనికి జాంబవంతుడు మీరే కావాలి. చేయగల చిన్న పని అప్పగించండి. పెళ్లికి, పేరంటానికి పిలవండి. పంక్తిలో మీ పక్కన కూర్చోబెట్టుకోండి.

ఈసారి కొండగట్టు వెళ్లినప్పుడు ప్రదక్షిణలో మీ పక్కన అటువంటి మనిషి నడుస్తూ ఉంటే పక్కకు తొలగకండి. 'స్వామీ, ముందు మీరు నడవండి' అని దారి ఇవ్వండి.

వెళ్లే ముందు

కొండగట్టు జగిత్యాల జిల్లా మల్యాల మండలం ముత్యంపేట వద్ద, కరీంనగర్-జగిత్యాల మార్గంలో, కరీంనగర్‌కు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. చైత్ర పౌర్ణమి, వైశాఖ బహుళ దశమి జయంతి దినాల్లోను, మంగళ, శనివారాల్లోను రద్దీ ఎక్కువ. అస్వస్థులను తీసుకువెళ్లేవారు మిగతా రోజులు ఎంచుకుంటే ప్రశాంతంగా దర్శనం చేయించవచ్చు. వైద్యుడు రాసిన మందులు, చీటీ వెంట ఉంచుకోండి. మానసిక సమస్యలపై సలహాకు 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు, తెలుగులో కూడా లభిస్తుంది.