పొయ్యి కన్నా ముందు గోడల లెక్క

మే నెల రాత్రి పుదుచ్చేరిలోని గోరిమేడులో ఏ డాబా ఇంట్లో పడుకున్నా ఒక సంగతి తెలుస్తుంది. బయట గాలి కొంత చల్లబడుతుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అయినా పైకప్పు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు శ్లాబు ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదులుతుంది. అవి గాలిని పెద్దగా వేడిచేయకుండా నేరుగా ఒంటిని తాకుతాయి. దీన్నే ఉష్ణ వికిరణం అంటారు.

ఇక్కడ నిద్ర చెడగొట్టే ఈ వేడినే చలి ప్రాంతాలవారు కోరి ఇంట్లోకి తెచ్చుకుంటారు. కశ్మీర్‌లోని మసీదుల్లోనూ కొన్ని ఇళ్లలోనూ ఉండే హమామ్‌లో రాతి పలకల నేల కింద బోలు గదిలో కట్టెలు మండిస్తారు. మంట ఆరినా పలకలు గంటల తరబడి వెచ్చగా ఉంటాయి. కొరియాలోని ఒండోల్ ఇళ్లదీ ఇదే సూత్రం. నేటి పద్ధతిలో కట్టెల బాయిలర్ వేడిచేసిన నీటిని నేలలో పరచిన గొట్టాల్లో తిప్పుతారు. చలి దేశాల్లో ఇల్లు కట్టుకునే తెలుగువారికీ ఈ ఎంపిక ఎదురుకావచ్చు.

ఎంత వేడి కావాలి?

చాలామంది ముందు బాయిలర్ చూస్తారు. చూడాల్సింది ఇంటి నుంచి ఎంత వేడి బయటికి పోతోందన్నది. గోడలకు, పైకప్పుకు మంచి ఇన్సులేషన్ ఉన్న 100 చదరపు మీటర్ల ఇల్లు, గడ్డకట్టే చలిలో చదరపు మీటరుకు 30 వాట్ల వేడిని కోల్పోతుందనుకుందాం. మొత్తం 3 కిలోవాట్లు. మన స్నానాల గదిలోని గీజరు ఒక్కటే దాదాపు 2 కిలోవాట్లది!

కట్టెల బాయిలర్లు తరచుగా 20 కిలోవాట్ల వరకూ ఉంటాయి. వేడి ఎక్కువైందని గాలి తగ్గించి మంటను అణిచితే కట్టెలు సరిగా కాలవు. పొగలోని తారు వంటి పదార్థం పొగగొట్టం లోపల పేరుకుని, ఒకరోజు అంటుకోవచ్చు. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా ఎక్కువగా పుడుతుంది.

నీటిలో దాచిన మంట

అందుకే మంటను పూర్తిగా మండనిచ్చి, వేడిని నీటి ట్యాంకులో దాచుకోవాలి. 1000 లీటర్ల నీటిని 40 డిగ్రీల నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కు కాస్తే దాదాపు 46 యూనిట్ల శక్తి నిల్వ అవుతుంది. పై ఇంటికి అది 15 గంటలు సరిపోతుంది. బాగా ఆరిన కట్టె కిలోకు సుమారు 4 యూనిట్ల వేడి ఇస్తుంది. బాయిలర్ సామర్థ్యం 80 శాతమైతే 15 కిలోల కట్టెలు చాలు. బరువులో సగం నీరే ఉన్న పచ్చి కట్టె అయితే కిలోకు 2 యూనిట్లు దక్కడమే గొప్ప.

ఇలాంటి ఇంట్లో నేల గది కన్నా సుమారు 3 డిగ్రీలు వెచ్చగా ఉంటే సరిపోతుంది. అయితే మందపాటి కాంక్రీటు నేల వేడెక్కడానికీ చల్లారడానికీ గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఎండ వస్తే గది ఉక్కపోతగా మారుతుంది. ఇల్లు మరీ చిన్నదై, ఇన్సులేషన్ ఇంకా మెరుగ్గా ఉంటే గొట్టాలు, పంపు లేకుండా ఇంటి మధ్యన ఒక ఇటుకల పొయ్యి సరిపోవచ్చు.

రెండు జాగ్రత్తలు తప్పవు. కరెంటు పోతే పంపు ఆగుతుంది కానీ మంట ఆగదు. కాబట్టి పీడనం పెరిగితే తెరుచుకునే భద్రతా వాల్వు, పంపు లేకుండానే నీరు తిరిగే ఏర్పాటు ఉండాలి. గాలి చొరబడని ఇంట్లో మంటకు కావలసిన గాలిని విడి గొట్టం ద్వారా బయటినుంచే తేవాలి.

గోరిమేడుకు ఇదే పాఠం

డిసెంబరు రాత్రుల్లోనూ సాధారణంగా 20 డిగ్రీల కిందికి దిగని గోరిమేడులో హీటరుతో పనిలేదు. కానీ లెక్క మాత్రం అదే. ఎన్ని టన్నుల ఏసీ కొనాలని అడిగే ముందు శ్లాబు మీద పడే ఎండను తెల్ల పూతతోనో, ఇన్సులేషన్‌తోనో ఆపాలి. చలిలోనైనా, ఎండలోనైనా ముందు ఇంటిని సరిచేసుకుంటే యంత్రం చిన్నదవుతుంది, ఖర్చూ తగ్గుతుంది.