ఆఫీసు ఫోను ఇంట్లో ఎందుకు పలకదు?

ఇలా వచ్చి కూర్చోండి పిల్లలూ. ఇవ్వాళ మీ అక్క టేబుల్ మీదున్న నల్ల ఫోను సంగతి చెప్పుకుందాం. ఆఫీసులో వైరు గుచ్చగానే దాని తెర వెలిగేదట, అక్క పేరు కనబడేదట. మన సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ ఇంట్లో రూటర్ వెనక అదే వైరు గుచ్చితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. "పాడైపోయింది తాతా" అంటోంది. పాడవలేదు బిడ్డా. దానికి ఇంకా కరెంటే అందలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి కంప్యూటర్లతో పాటు ఇలాంటి ఫోన్లు కూడా కొన్ని ఇళ్లకు చేరాయి. అంతకుముందు కాల్ సెంటర్ పని ఇంటి నుంచి చేయాలంటే టెలికం శాఖ నిబంధనలు చాలా అడ్డమొచ్చేవి. ఆ మార్చిలో వాటిని సడలించారు, నవంబరులో కొత్త మార్గదర్శకాలే ఇచ్చారు. అప్పట్నుంచి ఈ తంటా ఇంటింటి తంటా అయింది.

చూడ్డానికి పాత ల్యాండ్‌లైన్‌లా ఉన్నా ఇది చిన్న కంప్యూటర్. నిద్ర లేచాక వరసగా నాలుగు విషయాలు తేల్చుకుంటుంది. కరెంటు ఉందా? వైరు అవతల ఎవరైనా ఉన్నారా? నా అడ్రసు ఏమిటి? మా ఆఫీసు సర్వర్ ఎక్కడ? ఒకదానికి జవాబు దొరికాకే రెండోదానికి పోతుంది. ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ముందు కరెంటు సంగతి. నేను టెలిఫోన్ శాఖలో ఉన్న రోజుల్లో ఎక్స్చేంజీలో ఓ గది నిండా బ్యాటరీలు ఉండేవి. అక్కణ్నుంచి ప్రతి ఇంటికీ రెండు తీగల మీద 48 వోల్టులు పోయేది. అందుకే ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఆ 48 అంకె ఇప్పటికీ పోలేదు. 2003లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ, నెట్‌వర్క్ వైరులోనే కరెంటు పంపే పద్ధతికి ప్రమాణం పెట్టినప్పుడు దాదాపు ఆ వోల్టేజినే ఎంచుకుంది. దాన్ని పవర్ ఓవర్ ఈథర్నెట్ అంటారు, పొట్టిగా పీఓఈ. ఆఫీసులో వైర్లన్నీ కలిసే స్విచ్ అనే డబ్బా దగ్గర 15.4 వాట్ల వరకూ ఎక్కిస్తే, వంద మీటర్ల వైరులో కొంత వేడిగా పోయినా ఫోనుకు 12.95 వాట్లకు లోటుండదు.

సమాచారమూ కరెంటూ అవే తీగల మీద ఎట్లా పోతాయి తాతా అంటారా? ఇందులోనే ఉంది అసలు అందం. జత తీగల్లో సమాచారం అంటే ఒక తీగకూ రెండో తీగకూ మధ్య ఉన్న తేడా. కరెంటును ఆ రెండిటి మీదా సమానంగా ఎక్కించి, ఇంకో జత మీదుగా వెనక్కి రప్పిస్తారు. రెండూ ఒకే లెక్కన పెరిగితే మధ్యలో తేడా మారదు కదా! వైరు చివర ఓ బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. తీగచుట్ట నడిమధ్య నుంచి కరెంటును పక్కకు లాగేస్తారు, తేడా మాత్రం అవతలి చుట్టలోకి దాటుతుంది. దేని దారి దానిదే.

ఇంకో మంచి గుణం ఏమిటంటే స్విచ్ గుడ్డిగా కరెంటు తోయదు. ముందు పది వోల్టుల దాకా మాత్రమే పంపి అవతల ఎవరున్నారో చూస్తుంది. పీఓఈ తీసుకునే ఫోనులో 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ కనబడాలి. అది కనబడితేనే 48 వోల్టులు. మీ ల్యాప్‌టాప్ గుచ్చితే ఆ గుర్తు కనబడదు, కరెంటు రాదు, ల్యాప్‌టాప్ క్షేమం.

ఆఫీసు స్విచ్‌లు ఈ కరెంటు ఇస్తాయి. ఇంట్లో ఇంటర్నెట్ కంపెనీ బిగించిన రూటర్లు మామూలుగా ఇవ్వవు. కాబట్టి ఆ ఫోను మోడల్‌కు సరిపడే అడాప్టర్ కావాలి, లేదా రూటర్‌కూ ఫోనుకూ మధ్య వైరులోకి కరెంటు ఎక్కించే పీఓఈ ఇంజెక్టర్ అనే చిన్న డబ్బా కావాలి. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతే దొరుకుతుంది. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇందాక చెప్పిన 2003 ప్రమాణం పేరు 802.3ఏఎఫ్, అది రాసి ఉన్నదే అడగండి. ఏమీ చూసుకోకుండా కరెంటు తోసేసే చవక రకాలూ ఉన్నాయి, వాటితో ఫోను కాలిపోవచ్చు. అడాప్టర్ల విషయంలోనూ అంతే. పిన్ను పట్టింది కదా అని గుచ్చొద్దు. ఒక ఫోనుకు 5 వోల్టులు, ఇంకోదానికి 12, మరోదానికి 48. ఫోను అడుగున రాసి ఉంటుంది, అద్దాలు పెట్టుకునైనా చదవండి.

తెర వెలిగింది, కానీ నెట్‌వర్క్ లేదంటోంది. ఇప్పుడు వైరు వంతు. ఫోను వెనక ఒకేలాంటి రంధ్రాలు రెండుంటాయి. ఒకటి నెట్‌వర్క్‌కు, రెండోది కంప్యూటర్‌కు. రూటర్ నుంచి వచ్చే వైరు మొదటిదానిలోనే పడాలి. రూటర్ డబ్బాకు 'ఫోన్' అని రాసిన సన్న రంధ్రం ఉంటే అది పాత ల్యాండ్‌లైన్ రకానికి, మన ఫోనుకు కాదు.

మన వాడకట్టు ఇళ్ల సంగతి మీకు తెలుసు. సికింద్రాబాద్ 1806లో దండు ఊరుగా పుట్టింది, పక్కన రైల్వే స్టేషన్ 1874లో వచ్చింది. అందుకే ఇక్కడ పాత ఇళ్లెక్కువ, వాటికి మందపాటి గోడలు. ముందు గదిలో రూటర్, వెనక గదిలో పని. వైఫై ఆ గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. అందుకే వైరు లాగుతారు, అదీ కిటికీ మీదుగా, డాబా మీదుగా, ఎండలో. రెండు వేసవులకే పై తొడుగు పెళుసెక్కుతుంది. పైగా చవక వైర్లలో ఉండేది నిండు రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. దాని రెసిస్టెన్స్ సగం పైనే ఎక్కువ. ఇంజెక్టర్ పంపిన వోల్టేజి దారిలోనే తరిగి, రింగు మోగే సరికి ఫోను ఆరిపోయి మళ్లీ మొదట్నుంచి లేవొచ్చు.

వైరు చివర క్లిప్పు వేసేవాళ్లు చేసే ఒక పొరపాటు మాత్రం నిదానంగా చెప్పాలి. లోపల ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలేసి ఉంటాయి. ఆ మెలికల వల్లే బయటి రొద రెండు తీగల్నీ సమానంగా తాకి రద్దైపోతుంది. క్లిప్పులో 1, 2 ఒక జత. రెండో జత మాత్రం 3, 6. కొత్తవాడు చూడ్డానికి బాగుందని ఏ రంగు జతను ఆ రంగు పక్కనే పెట్టేస్తాడు. అప్పుడు 3, 6లో వేర్వేరు జతల తీగలు పడతాయి. చవక టెస్టర్ పెడితే ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి! వైరు బాగుందనుకుంటాం. దూరం తక్కువైతే నడుస్తుంది కూడా. పొడుగు పెరిగితే మాట తెగుతుంది. సరైన వరస తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత నీలం జతకు చెరోవైపు నిలబడాలి. వైరు మీద అనుమానం వస్తే ఫోనును రూటర్ పక్కకే తీసుకుపోయి చిన్న వైరుతో కలిపి చూడండి. అక్కడ పలికితే దోషం పొడుగు వైరుదే.

వైరూ బాగుంది, కానీ అడ్రసు దగ్గర 0.0.0.0 అని నిలబడిపోయింది. ఆఫీసులో ఫోన్ల రాకపోకలకు వీల్యాన్ అని వేరే నంబరు కేటాయిస్తారు. ఆ నంబరు ఫోనులో అలాగే ఉండిపోతే, అది వేసిన ముద్రను ఇంటి రూటర్ గుర్తించదు, అడ్రసు ఇవ్వదు. మెనూలో వీల్యాన్ ఆపేస్తే మామూలుగా 192.168తో మొదలయ్యే అడ్రసు వస్తుంది. ఆ తర్వాత కూడా ఆఫీసు సర్వర్‌లో రిజిస్టర్ కాకపోతే సంగతి ఆఫీసువాళ్లది. ఆఫీసులో అడ్రసుతో పాటే సర్వర్ చిరునామా కూడా ఫోనుకు అందేది. ఇంట్లో అది చెప్పేవాళ్లు లేరు. వీపీఎన్ గానీ, బయటి నుంచి అందే చిరునామా గానీ వాళ్లే ఎక్కించి పంపాలి.

చివరగా వింత జబ్బులు. మన మాట వాళ్లకు పోదు, వాళ్ల మాట మనకు రాదు, లేదా మనం చేస్తే పోతుంది గానీ వచ్చే కాల్ మోగదు. మన గల్లీలో ఒకే వీధి గుమ్మం, లోపల ఆరు పోర్షన్లు ఉన్న ఇల్లు తలుచుకోండి. బయటివాళ్లకు తెలిసింది గుమ్మం నంబరే. ఏ పోర్షన్ నుంచి ఉత్తరం పోయిందో గుమ్మం దగ్గరి మనిషి గుర్తుపెట్టుకుని జవాబు వస్తే అక్కడ ఇస్తాడు. కాసేపు ఉత్తరం లేకపోతే మరిచిపోతాడు, అప్పుడొచ్చే కాల్ తిరిగి పోతుంది. రూటర్ చేసే పని ఇదే. అందుకే ఫోను కొన్ని సెకన్లకోసారి ఏదో ఒకటి పంపుతూ ఉండేలా కీప్ అలైవ్ పెట్టాలి. కొన్ని రూటర్లు సాయం చేద్దామని ఉత్తరం విప్పి లోపలి చిరునామా కూడా దిద్దుతాయి. దాన్ని సిప్ ఏఎల్‌జీ అంటారు, దానివల్లే చాలాసార్లు ఒకవైపు మాట పోతుంది. రూటర్ సెట్టింగుల్లో దాన్ని ఆపి చూడండి.

మాట ముక్కలైతే స్పీడు చాలలేదని ప్లాన్ మార్చకండి. కాల్‌కు పట్టేది ఎటువైపు చూసినా సెకనుకు 90 కిలోబిట్ల లోపే. ఫోను గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా సెకనుకు 50 పంపుతుంది. తమ్ముడు అదే సమయంలో పెళ్లి వీడియో అప్‌లోడ్ చేస్తుంటే ఆ ముక్కలు వరసలో నిలబడిపోతాయి. రూటర్‌లో ఫోనుకు ముందు వరస ఇవ్వండి.

ఇంకా దారికి రాకపోతే ఆఫీసు ఐటీ వాళ్లకు చెప్పేముందు ఫోను మోడల్, తెర మీది ఆఖరి మాట, దానికొచ్చిన అడ్రసు, అదే వైరుకు ల్యాప్‌టాప్ కలిపితే నెట్ వచ్చిందా లేదా, ఇవి కాగితం మీద రాసి పెట్టుకోండి. వాళ్లు అడగకుండా ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం నొక్కొద్దు. ఆఫీసు ఎక్కించిన సర్టిఫికెట్లూ సెట్టింగులూ దాంతో చెరిగిపోవచ్చు, అప్పుడు ఫోనును మోసుకుని మళ్లీ మాదాపూర్ దాకా పోవాల్సి వస్తుంది.