కాంచనద్వీపము — తరగతి గదిలో

1881వ సంవత్సరపు వేసవిలో స్కాట్లండునందలి బ్రేమార్ అను గ్రామమున వానలు విడువక కురియుచుండెను. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ అను రచయిత కుటుంబముతో అచట బస చేసియుండెను. ఆయన భార్యకు మొదటి భర్తవలన కలిగిన కుమారుడు లాయిడ్, ఇల్లు కదల వీలులేక, రంగులతో బొమ్మలు వేసికొనుచు ప్రొద్దుపుచ్చుచుండెను. స్టీవెన్‌సన్ కూడ ఆ బాలుని సరసన కూర్చుండి యొక దీవి పటమును గీచి, అందలి కొండలకును రేవులకును పేర్లు పెట్టెను. పటమును చూచుకొలది ఆ దీవిలో తిరుగాడు మనుష్యులు ఆయనకు కానవచ్చిరి. ‘ట్రెజర్ ఐలండ్’ అను నవల ఆ పటమునుండియే పుట్టినది. అది మొదట ఒక బాలల పత్రికలో వెలువడి, 1883లో గ్రంథరూపము దాల్చెను. నండూరి రామమోహనరావుగారు దానిని ‘కాంచనద్వీపం’ అను పేర తెలుగు బాలుర కందించిరి.

ఈ నవలను పాఠముగా చెప్పు ఉపాధ్యాయుడు గ్రంథకర్త జననమరణ సంవత్సరములతో ఆరంభించుటకంటె, గ్రంథకర్త ఆరంభించిన చోటనే ఆరంభించుట మేలు. పుస్తకము తెఱువక పూర్వమే పిల్లలచేత ఒక్కొక్క దీవిని గీయింపవలెను. మంచినీరు ఎచట దొరకును? ఓడకు లంగరు వేయుటకు అనువైన చోటేది? నిధిని దాచువాడు ఎచట దాచును? ఈ ప్రశ్నలకు తన పటమున సమాధానము చూపిన బాలుడు, కథానాయకుడైన జిమ్ హాకిన్సు వెంట ఓడ నెక్కుటకు సిద్ధమైనట్లే.

ఇక మాటల చిక్కు. ఓడకు సంబంధించిన పదములు ఇందు మెండు. తెరచాప, చుక్కాని తెలిసిన పిల్లలకు తక్కినవానిని కథయే నేర్పును. ప్రతి పదము కడను ఆగి అర్థము వ్రాయించినచో ఓడ రేవు దాటదు!

ఆగదగిన చోట్లు వేఱు. జిమ్ ఆపిలుపండు కొఱకు పీపాలోనికి దిగి యుండగా, ఓడ వంటవాడు సిల్వరు మాటలు అతని చెవిని పడును. ఓడలోని మంచివారి ప్రాణములన్నియు ఇక తనపైననే ఆధారపడియున్నవని జిమ్ గ్రహించుటతో ఆ ప్రకరణము ముగియును. పుస్తకమును అచటనే మూసి, పీపాలోని బాలుడు ఏమి చేయవలెనో పిల్లలనే అడుగవలెను. నడుమ మూడు ప్రకరణములను జిమ్ గాక, లివ్‌సీ అను వైద్యుడు చెప్పును. ఎందుకని ఎవరో ఒకరు తప్పక అడుగుదురు. తాను లేనిచోట జరిగినదానిని జిమ్ ఎట్లు చెప్పగలడో వారినే ఆలోచింపనీయవలెను.

అన్నింటికంటె కష్టమైనది సిల్వరు సంగతి. ఒంటికాలితో, చంకకఱ్ఱతో, భుజముపై చిలుకతో తిరుగు ఈ ఓడదొంగ జిమ్‌ను ఆప్యాయముగా పలుకరించును. విశ్వాసముగల నావికుని నొకనిని జిమ్ కన్నులయెదుటనే చంపును. పిమ్మట తన ముఠావారినుండి జిమ్‌ను కాపాడును. తుదకు నాణెముల సంచితో, శిక్ష లేకుండ తప్పించుకొని పోవును. ‘దుర్మార్గుడు’ అని నల్లబల్లపై వ్రాసి ముగించుట ఉపాధ్యాయునకు సులభము. కాని స్టీవెన్‌సన్ ఆ పని చేయలేదు. జిమ్‌ను కాపాడినది ప్రేమచేతనని యొకడును, తన మెడకు ఉరి తప్పించుకొనుటకని యొకడును వాదించినచో, ఇరువురును పుస్తకములోని ఘట్టములను వెదకి చూపవలెను. వాదము తెగకపోయినను కొఱత లేదు. ఆ వెదకుటలోనే వారు నవలను రెండవమాఱు చదువుదురు.

చివరి పాఠమునాడు మొదటి పుటకు మరలవలెను. దీవి ఉనికిని మాత్రము తాను చెప్పనని జిమ్ అచటనే పలికియుండెను. నిధిలో కొంత ఇంకను అచటనే యున్నదట!