కుళాయికి మోటారు బిగిస్తే ఎవరికి నష్టం? హాడో నుంచి కర్నూలు దాకా ఒకటే లెక్క

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా జనవరి దాటితే అక్కడ నీళ్ల బెంగ మొదలవుతుంది. నగరానికి ప్రధాన ఆధారమైన ధనిఖరి జలాశయం అడుగంటేకొద్దీ కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు, కరవు ఏడాదుల్లో ఇంకా ఎడంగా వస్తాయి. ఎత్తుపల్లాల మీద ఇళ్లున్న హాడో లాంటి పేటలో ఆ గంట నీళ్లను ఎలా పంచుకోవాలన్నది అచ్చంగా గేమ్ థియరీ ప్రశ్న.

రెండు ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఇద్దరూ మోటారు పెట్టకపోతే చెరో 3 బిందెల లాభం. ఒకరే పెడితే వారికి 5, పక్కవారికి సున్నా. ఇద్దరూ పెడితే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, పగుళ్లలోంచి మురుగు లోపలికి వస్తుంది, కరెంటు ఖర్చు సరేసరి. అవన్నీ పోగా చెరొకటి మిగులుతుంది. పక్కవారు ఏం చేసినా మోటారు పెట్టడమే లాభంగా తోస్తుంది. అలా తోచిన ఇద్దరూ ఒక్కో బిందెతో మిగులుతారు. 1950లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ రూపొందించిన ఈ చిక్కుముడికే ఖైదీల సందిగ్ధం అని పేరు.

అయితే నీళ్లు ఒక్కరోజే రావు కదా. ‘నువ్వు పెట్టనంతకాలం నేనూ పెట్టను, ఒక్కసారి పెట్టావో, ఇక నేనూ ఆగను’ అన్న షరతు ఉంటే సంభావ్యత లెక్కలోకి వస్తుంది. మరోసారి ఎదురుపడే అవకాశం ప్రతిసారీ 90 శాతమైతే ఆట సగటున 10 సార్లు నడుస్తుంది. మాట మీద నిలబడితే 30 బిందెలు, మొదటిరోజే మోటారు పెడితే 14. అదే అవకాశం 25 శాతమైతే నిలబడినవారికి 4, మోసగించినవారికి 5కు పైనే. ఈ అంకెల్లో గీత 50 శాతం దగ్గర పడుతుంది. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984 నాటి పుస్తకంలో దీన్నే భవిష్యత్తు నీడ అన్నారు. విశాఖ, చెన్నై, కోల్‌కతా ఓడలు ఆగే రేవు ఉన్న హాడోకు ఇది వర్తించే మాటే. బదిలీ మీద వచ్చిన ఉద్యోగికి, ఇక్కడే పిల్లల్ని పెంచుతున్న కుటుంబానికి ఆ నీడ పొడవు ఒకటి కాదు. అద్దెకున్నవాళ్లకు కట్టుబాటు తెలియదని విసుక్కునేవారు ఈ తేడాను గమనించరు.

ఈ లెక్కకు పొలాల్లో దొరికిన ఆధారం కర్నూలు జిల్లాది. 1970ల చివర రాబర్ట్ వేడ్ అక్కడ కాలువ కింది గ్రామాలు 30కి పైగా తిరిగి, 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ ప్రచురించారు. కొన్ని ఊళ్లు ప్రభుత్వంతో నిమిత్తం లేకుండా సొంత మండలి, ఉమ్మడి నిధి, పంట కాపలాదారులు, పొలాలకు నీళ్లు పంచే మనుషుల్ని ఏర్పాటు చేసుకున్నాయి. కోతలయ్యాక గొర్రెల మందలకు మేత హక్కు అమ్మగా వచ్చిన డబ్బు నిధికి చేరేది. పక్క ఊళ్లలో ఇవేవీ లేవు. మంచితనంలోనో సంస్కృతిలోనో తేడా ఉందనుకుంటే పొరపాటు. ఎక్కువగా కాలువ చివర, నీళ్లు అందుతాయో లేదో తెలియని ఊళ్లే కలిసి నడిచాయి. పుష్కలంగా నీళ్లున్న ఎగువ ఊళ్లకు ఆ అవసరం పడలేదు.

మండలిలో ఉన్నది పెద్ద రైతులే. ఇది గ్రామ ప్రజాస్వామ్యమని మురిసిపోనక్కర్లేదు. కానీ వాళ్ల పొలాలు ఒకేచోట ఉండేవి కావు. ఒక మడి తూము దగ్గర, ఇంకొకటి చివర. పైమడికి మేలు చేసే నియమం తన కిందిమడినే ఎండగడుతుంది. సమాజంలో తన స్థానమేదో తెలియనట్టు ఊహించుకుని నియమాలు ఎంచుకోవాలని 1971లో జాన్ రాల్స్ ప్రతిపాదించారు. కర్నూలు రైతుకు ఆ ఊహలో కొంత భాగాన్ని చెదిరిన కమతాలే సమకూర్చాయి.

హాడోలో పల్లపు ఇంటివారికి మెరక మీద రెండో ఇల్లు ఉండకపోవచ్చు. అక్కడ మార్చగలిగింది వంతు. ఈ వారం మెరక వీధికి ముందు, వచ్చే వారం పల్లానికి ముందు అని అందరికీ కనిపించేలా రాసిపెడితే, మోటారు పెట్టినవారు ఎవరో కూడా తేలిగ్గా తెలుస్తుంది. ఇక వాల్వు తిప్పే మనిషి ఎవరికి జవాబుదారీ? కర్నూలులో నీళ్లు పంచినవాళ్లకు కూలి ఇచ్చింది ప్రభుత్వం కాదు, ఆ నీళ్లతో పంట పండించుకున్న రైతులే.