మజరోన్ సొరచేప

స్పెయిను దేశపు ఆగ్నేయమూలను, మధ్యధరా సముద్రపు ఒడ్డున మజరోన్ అనే ఊరున్నది. అక్కడ చేపలు పట్టి బ్రతికే ఒక జాలరి ఇంట 2004 మే 25న పుట్టినవాడు పేద్రో అకోస్తా. తండ్రి పడవ ఎక్కితే కొడుకు మోటారు సైకిలు ఎక్కాడు.

2021లో, 250 సి.సి. బళ్లు పోటీపడే మోటో3 తరగతిలో ప్రవేశించేనాటికి అతనికి 16 ఏళ్లు. మొదటి పందెంలోనే రెండవవాడుగా వచ్చాడు. రెండవ పందెం కూడా కతార్ దేశంలోనే జరిగింది. అభ్యాససమయంలో నియమం తప్పినందుకు శిక్షగా అతడూ, మరికొందరూ తక్కినవారితో బారుతీరి నిలవరాదన్నారు. బళ్లు బాగుచేసే సందులోంచి, అందరూ వెళ్లిన తరువాత బయలుదేరమన్నారు. అలా ఆఖరున కదిలినవాడు ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి పందెం గెలిచాడు! ఆ ఒక్కరోజుతో అతని పేరు దేశదేశాల మోగింది. అభిమానులు ‘మజరోన్ సొరచేప’ అని పిలుచుకున్నారు. జాలరి కొడుక్కి అంతకన్న తగిన బిరుదేమున్నది?

ఆ ఏడాది నవంబరు 7న, పోర్చుగల్‌లో, అతడు ఆ తరగతికి ప్రపంచ విజేత అయ్యాడు. అప్పటికి అతని వయస్సు 17 ఏళ్ల 166 రోజులు. 1990లో ఇటలీవాడైన లోరిస్ కాపిరోసి 17 ఏళ్ల 165 రోజులకే విజేత అయివున్నాడు. ఒక్కరోజు! ఆ ఒక్కరోజు తేడాతో అందరికన్న చిన్న విజేత అనే కీర్తి తప్పిపోయింది.

అయితే ఆ ఏడాదే మే నెలలో, ఇటలీలోని ముజెల్లో బాటమీద, అదే తరగతిలో పోటీపడుతున్న 19 ఏళ్ల స్విస్ యువకుడు జేసన్ దుపాస్కియే పడిపోయి మరణించాడు. 2023 నుంచి ఈ పోటీలకు కనీసవయస్సు సామాన్యంగా 18 ఏళ్లకు పెంచారు. ఒక్కరోజు రికార్డు కన్న ఒక పిల్లవాని ప్రాణం గొప్పది కదా! ఎదురుబండి రాని బాటమీద, వైద్యులు సిద్ధంగా ఉన్నచోటే ఇంత అపాయముంటే, హెల్మెట్టు లేకుండా వీధుల్లో దూసుకుపోయే మన కుర్రవాళ్లకు పెద్దలు వేరే చెప్పాలా?

2022లో మోటో2 తరగతికి ఎక్కిన అకోస్తాకు అభ్యాసంలో తొడ ఎముక విరిగింది. కోలుకుని ఆ ఏడే మళ్లీ గెలిచాడు. 2023 సెప్టెంబరులో మనదేశంలో, ఢిల్లీ దగ్గరి గ్రేటర్ నోయిడాలో మొట్టమొదటిసారి మోటోజీపీ పందేలు జరిగినప్పుడు మోటో2 విజయం అతనిదే. ఆ తరగతి ప్రపంచ విజేత బిరుదు కూడా ఆ ఏడాదే దక్కింది.

2024లో 1000 సి.సి. బళ్ల పెద్ద తరగతికి వచ్చి, రెండవ పందెంలో మూడవ స్థానం, మూడవ పందెంలో రెండవ స్థానం పొందాడు. 2025 పట్టికలో నాలుగవవాడు. కాని ఆ ఏడాది ముగిసేవరకు పెద్ద తరగతిలో ఆదివారపు పందెం ఒక్కటీ గెలవలేదు. 16వ ఏట రెండవ ప్రయత్నంలోనే గెలిచినవాడు 21వ ఏట కాచుకొనవలసి వచ్చింది. అయినా అభిమానులు అతన్ని విడువలేదు. వల వేసిన ప్రతిసారీ చేప పడదని జాలరి ఇంట పుట్టినవానికి ఒకరు చెప్పాలా?