క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు

పాశ్చాత్య సంప్రదాయపు క్రైస్తవ సంఘాల ఆరాధన పంచాంగంలో సంవత్సరం జనవరి ఒకటో తేదీతో కాక, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారంతో మొదలవుతుంది. ఆ ఆదివారం నుండి డిసెంబరు 24 సాయంత్రం వరకు సాగే రోజులను ఆగమన కాలం అంటారు. క్రీస్తు జననాన్ని స్మరించడానికీ, ఆయన రెండవ రాకడ కోసం ఎదురుచూడడానికీ విశ్వాసి మనసును సిద్ధపరచుకునే కాలమిది. నవంబరు 30న వచ్చే అపొస్తలుడైన అంద్రెయ పండుగకు ఏ ఆదివారం దగ్గరగా ఉంటే దానితో ఈ కాలం ఆరంభమవుతుంది కాబట్టి, దాని నిడివి ఏటా ఒకేలా ఉండదు. క్రిస్మస్ ఆదివారం నాడు వచ్చిన 2022లో అది నవంబరు 27న మొదలై 28 రోజులు నడిచింది. మరుసటి ఏడు పండుగ సోమవారం కావడంతో డిసెంబరు 3న మొదలై 22 రోజులకే ముగిసింది. గోడల సున్నం, బట్టల కుట్టుపని, పిండివంటలు, పాటల సాధన అన్నీ ఈ గడువులోనే సర్దుకోవలసిన ఇంటికి ఆరు రోజుల తేడా చిన్నది కాదు.

ఈ కాలం మొదట ఉపవాస కాలంగానే రూపుదిద్దుకుంది. ఐదవ శతాబ్దంలో, నేటి ఫ్రాన్సు దేశంలోని టూర్ నగరానికి బిషప్పుగా ఉన్న పెర్పెచువస్, నవంబరు 11న వచ్చే పునీత మార్టిన్ పండుగ నుండి క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని తన ప్రజలను ఆదేశించాడు. తూర్పు దేశాల ఆర్థడాక్సు సంఘాలు నేటికీ క్రిస్మస్‌కు ముందు 40 రోజులు ఉపవాసం పాటిస్తాయి. కేరళలోని సిరియన్ క్రైస్తవులు డిసెంబరు ఒకటి నుండి మాంసం మాని 25 రోజుల ఉపవాస దీక్ష పడతారు. తెలుగు సంఘాలలో ఇంత కట్టుదిట్టమైన నియమం లేకపోయినా, కతోలిక, లూథరన్, సీఎస్‌ఐ ఆలయాలలో ఆ వారాల్లో బలిపీఠంపై పరిచే వస్త్రం పశ్చాత్తాపానికి గుర్తుగా ఊదా రంగులో ఉంటుంది. ఆగమన చక్రం కూడా ఈ ఆలయాలలో అనేకచోట్ల కనిపిస్తుంది. పచ్చని కొమ్మలను వలయంగా చుట్టి, అందులో నాలుగు కొవ్వొత్తులు నిలిపి, ఆదివారానికి ఒకటి చొప్పున వెలిగిస్తూ పోయే ఈ ఆచారానికి మూలపురుషుడు యోహాన్ హిన్రిష్ విహెర్న్ అనే జర్మన్ లూథరన్ బోధకుడు. హాంబర్గు నగరంలో దిక్కులేని పిల్లల కోసం ఆశ్రమం నడిపిన ఆయన, పండుగ ఎప్పుడొస్తుందని రోజూ అడిగే ఆ పిల్లల కోసం 1839లో ఒక బండి చక్రానికి కొవ్వొత్తులు అమర్చాడు. ఆదివారాలకు పెద్దవి, తక్కిన రోజులకు చిన్నవి. చదువు రాని పిల్లవాడు కూడా ఎన్ని వెలిగాయో, ఇంకా ఎన్ని మిగిలాయో చూసి పండుగ ఎంత దూరంలో ఉందో తెలుసుకోగలిగిన ఆ ఏర్పాటు, పండుగ సన్నాహాన్ని రోజులవారీగా పంచడం ఎలాగో చూపిన తొలి నమూనాలలో ఒకటి.

తెలుగు నాట డిసెంబరు నడిచే తీరు మాత్రం దీనికి భిన్నంగా ఉంటుంది. సెమీ క్రిస్మస్ అనే పేరుతో పండుగకు ముందే జరిపే వేడుకలు ఈ నెల మొదటి వారం నుండే ప్రారంభమవుతాయి. సంఘాలు, కళాశాలలు, కార్యాలయాలు, రాజకీయ పక్షాలు తలా ఒక రోజు ఎంచుకుని కేకు కోస్తాయి. క్రైస్తవేతరులైన మిత్రులను, తోటి ఉద్యోగులను ఒకచోట కూర్చోబెట్టే సందర్భాలుగా వీటికి విలువ ఉంది. అయితే ఇరవై రోజులలో అరడజను సెమీ క్రిస్మస్‌లకు వెళ్ళవలసి వచ్చిన కుటుంబానికి ఎదురుచూపూ మిగలదు, పనికి సాయంత్రమూ మిగలదు. ఇల్లు సర్దడం, వంట, కొనుగోళ్ళు అన్నీ డిసెంబరు 23, 24 తేదీల మీద పడతాయి. సన్నాహం కష్టమనిపించడానికి పని ఎక్కువ కావడం కంటే, ఏ పనికి ఎంత ముందస్తు గడువు కావాలో లెక్కించకపోవడమే పెద్ద కారణం.

ఆ లెక్కలో మొదట వచ్చేది డబ్బు. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో సాగుతాయి. తీర జిల్లాలలోని క్రైస్తవ కుటుంబాలలో అనేకం వ్యవసాయ కూలి మీద, కౌలు సేద్యం మీద ఆధారపడినవి కాబట్టి, పండుగ ఖర్చుకు చేతికందే సొమ్ము కోత కూలి రూపంలోనో, ధాన్యం అమ్మకం రూపంలోనో సరిగ్గా ఈ వారాల్లోనే రావాలి. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలమూ ఇదే. 2023లో ఆగమన కాలం మొదలైన మూడో రోజునే, అంటే డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటి, కోతకు వచ్చిన పైరును, కోసి ఆరబెట్టిన పనలను, కళ్ళాల్లోని ధాన్యాన్ని తడిపివేసింది. ఆ ఏడు గ్రామాల్లో పండుగ జరగకపోలేదు గాని, అప్పు మీద జరిగిన ఇళ్ళు తక్కువేమీ కావు. క్రిస్మస్ వెళ్ళిన మూడు వారాలకే సంక్రాంతి, మధ్యలో కొత్త సంవత్సర ఆరాధన ఉంటాయి కాబట్టి, కోత డబ్బు కోసం ఎదురుచూడకుండా వర్షాకాలం నుండే పొదుపు సంఘంలోనో, నెలవారీ చీటీలోనో కొంత కూడబెట్టుకోవడం ఊళ్ళలో స్త్రీలు అనుభవం మీద నేర్చుకున్న పద్ధతి. పండుగ సన్నాహంలో ఇంతకంటే మెలకువైన పని మరొకటి లేదు.

సున్నం, రంగులు వేసే పనిని ఆగమన కాలం మొదటి వారంలోనే, వీలైతే అంతకు ముందే ముగించాలి. తుపాను గాలితో తేమ పట్టిన గోడ ఆరడానికి రోజులు పడుతుంది, ఆరని గోడ మీద వేసిన సున్నం పొట్టు లేస్తుంది. బట్టల విషయం ఇంకా తొందర పెడుతుంది. పండుగ నాడు ఇంటిల్లిపాదీ కొత్త బట్టలతో ఆరాధనకు వెళ్ళడం తెలుగు క్రైస్తవులు అపురూపంగా చూసుకునే ఆనవాయితీ, ఊరి దర్జీ చేతులు మాత్రం రెండే. డిసెంబరు సగానికి వచ్చేసరికి చాలామంది దర్జీలు కొత్త పని ఒప్పుకోరు, ఒప్పుకున్నా 24 రాత్రి వరకు తిప్పుతారు. ఆ పేచీ లేకుండా ఉండాలంటే పిల్లల బట్టలు, రవికెలు నవంబరు చివరికే కొలతలతో సహా అంగడికి చేరాలి.

ఇంటి ముందు వేలాడే నక్షత్రం, జ్ఞానులకు దారి చూపిన తారకు గుర్తు. ఇప్పుడు మడత విప్పితే చాలు వెలిగే కాగితపు నక్షత్రాలు అంగళ్ళలో దొరుకుతున్నా, వెదురు బద్దలను దారంతో కట్టి, రంగు కాగితాన్ని మైదా జిగురుతో అంటించి, లోపల బల్బు అమర్చే పని పిల్లలకు అప్పగించదగినది; దానికి రెండు మూడు సాయంత్రాలు పడతాయి, అవి మొదటి వారంలోనివైతే నక్షత్రం నెలంతా వెలుగుతుంది. జ్ఞానులు శిశువును దర్శించిన రోజుగా సంఘం పాటించే జనవరి 6 వరకు దానిని ఉంచడం పాత పద్ధతి. కతోలికుల ఇళ్ళలో దీనికి తోడు పశువుల పాక కడతారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సిసికి చెందిన ఫ్రాన్సిస్, గడ్డి పరచిన తొట్టిని, సజీవమైన ఎద్దును, గాడిదను నిలిపి క్రీస్తు జన్మ దృశ్యాన్ని ప్రజలకు చూపిన నాటి నుండి ఈ ఆచారం వ్యాపించింది. బొమ్మలన్నీ ముందే అమర్చినా, బాలయేసు బొమ్మను మాత్రం 24 అర్ధరాత్రి పూజ సమయం దాకా తొట్టిలో ఉంచని ఇళ్ళున్నాయి. సిద్ధపాటు పూర్తయినా రాక ఇంకా జరగలేదని ఆ ఖాళీ తొట్టి పిల్లలకు మాటలు అక్కరలేకుండా తెలుపుతుంది.

సంఘం పక్షాన జరిగే సన్నాహంలో ఎక్కువ భాగం పాటదే. యువజనులు బృందంగా ఏర్పడి, డోలక్, తబలా, గిటారు పట్టుకుని రాత్రిపూట సంఘ కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి పాడి, ప్రార్థన చేసి, ఆ ఇంటివారి కానుక తీసుకుని మరో ఇంటికి కదలడాన్ని క్యారల్స్ రౌండ్స్ అంటారు. నూరు ఇళ్ళున్న సంఘంలో ఇది ఒక్క రాత్రితో తేలే పని కాదు. వీధుల వారీగా పట్టిక వేసి, ఏ రోజు ఏ వీధో ముందు ఆదివారమే చర్చిలో ప్రకటించిన చోట వృద్ధులు రాత్రి రెండు గంటల దాకా మేలుకుని కూర్చోవలసిన అవసరం ఉండదు, పరీక్షలకు చదువుకునే పిల్లలున్న ఇళ్ళకు ఇబ్బంది కలగదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాత పాటలకు సాధన ఎక్కువ కావాలి, ఎందుకంటే వాటిలో అనేకం కర్ణాటక రాగతాళాలలో కట్టినవి, వినికిడి బలం మీద పాడే కొత్త తరానికి అలవాటు తప్పుతున్నవి. వాటిని పాడగల పెద్దలు సంఘంలో ఉన్నంతలోనే పిల్లలకు నేర్పించడం, కొత్త సౌండు సిస్టము కొనడం కంటే ఎంతో ముఖ్యం. సండే స్కూలు పిల్లల నాటిక, కంఠత వాక్యాలు సైతం నాలుగు ఆదివారాల సాధన కోరేవే.

వంటల దగ్గర, ఏది ఎన్నాళ్ళు నిలువ ఉంటుందన్నదే పనుల క్రమాన్ని నిర్ణయిస్తుంది. అన్నిటికంటే ముందు మొదలయ్యేది కేకు. ఆగమన కాలానికి ముందు ఆదివారం నాడు ఆంగ్లికన్ ఆలయాలలో చదివే, ‘కదిలించు’ అనే మాటతో మొదలయ్యే ప్రార్థన వినగానే, పండుగ పుడ్డింగు పిండి కలపాలని ఇంగ్లండు గృహిణులు గుర్తు తెచ్చుకునేవారు. పండ్ల ముక్కలు, సుగంధ ద్రవ్యాలు వారాల తరబడి ఊరితేనే రుచి కుదురుతుందన్న ఎరుక ఆ ఆచారం వెనుక ఉంది. ప్లం కేకుకు వాడే కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీ, నారింజ తొక్కలను పాశ్చాత్యులు రమ్ములోనో బ్రాందీలోనో నానబెడతారు; మద్యాన్ని ఇంట అడుగు పెట్టనివ్వని తెలుగు కుటుంబాలు ద్రాక్ష, నారింజ రసాలలో నానబెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాయి, కాకపోతే రసంలో నానినవి అన్ని వారాలు నిలువ ఉండవు కాబట్టి వాటిని పండుగకు వారం ముందు మొదలుపెడితే చాలు.

తెలుగు ఇంటి క్రిస్మస్‌కు అసలైన వాసన మాత్రం పిండివంటలది. అరిసెలకు బియ్యాన్ని ఒక రోజుకు తగ్గకుండా నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, వార్చి, తడి ఆరిపోకముందే పిండి చేయాలి. తడి పిండి పట్టే మర అన్ని వీధుల్లోనూ ఉండదు, ఉన్నచోట పండుగ వారంలో వరుస పెద్దది. బెల్లం పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది కనుక పాకం తెలిసిన పెద్దావిడ ఇంట్లోనో పొరుగునో తీరికగా ఉన్న రోజునే ఈ పనికి ఎంచుకోవాలి. రెండు వారాలు నిలిచే వంట కావడం వల్ల డిసెంబరు 15 ప్రాంతంలో చేసుకోవడానికి అడ్డేమీ లేదు. గులాబీ పువ్వులు క్రైస్తవుల ఇళ్ళలో ప్రత్యేకంగా కనిపించే వంటకం. మైదా లేదా బియ్యపు పిండిలో గుడ్డు, పంచదార, పాలు కలిపిన పల్చని పిండిలో కాలిన ఇనుప అచ్చును అంచు మునగకుండా ముంచి నూనెలో పెడితే పువ్వు విడివడి తేలుతుంది. అంచు మునిగితే పువ్వు అచ్చును వదలదు, అచ్చు కొత్తదైతే ముందు రాత్రంతా నూనెలో నానబెట్టాలి. డబ్బాలో గాలి చొరకుండా ఉంచితే ఇవీ, జంతికలూ పది రోజులు కరకరలాడతాయి. పచ్చి కొబ్బరితో చేసే కజ్జికాయలు, లౌజు రెండు రోజులకే పాడవుతాయి కాబట్టి చివరికి మిగలవలసినవి ఇవే.

ఈ పనుల్లో ఎక్కువ భాగం ఎవరి భుజాల మీద పడుతున్నదో గమనించకుండా సన్నాహం గురించి చెప్పడం సగమే చెప్పడం. పగలు కూలికో ఉద్యోగానికో వెళ్ళి, రాత్రి పొయ్యి ముందు కూర్చుని, మధ్యలో స్త్రీల సమాజం కూడికలకు హాజరై, 25 తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి పిల్లలను తయారు చేసే తల్లి, ఆరాధనలో కునికిపాట్లు పడితే తప్పు ఆమెది కాదు. పాకం పట్టడానికి నేర్పు కావాలి గాని, పిండి జల్లించడానికి, నూనె మూకుడు దగ్గర కూర్చోవడానికి, ఇల్లు కడగడానికి, మరకు వెళ్ళి వరుసలో నిలబడడానికి మగవారి చేతులు చాలు.

ప్రయాణాల ప్రణాళిక కూడా ఇప్పుడు సన్నాహంలో భాగమే. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ పూనికతో, కరువు కాలంలో ప్రజలకు పని, తిండి కల్పిస్తూ కట్టించిన మెదక్ కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది కాబట్టి, అక్కడ క్రిస్మస్ రోజే ఆలయ వార్షికోత్సవం కూడా. సుమారు 173 అడుగుల గోపురం ఉన్న ఆ ఆలయానికి తెల్లవారుజాము ఆరాధన కోసం దూర ప్రాంతాల నుండి చేరే వేలమంది ముందు రోజే బయలుదేరతారు, అంటే వారి ఇంటిపని 23 నాటికి ముగియాలి. కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేసే స్త్రీలకు డిసెంబరు 25 సెలవు కాదు. యజమానిని ఒప్పించి ఏదో ఒక శుక్రవారం తెలుగు ఆరాధనకు వెళ్ళడం, ఊళ్ళో పిల్లల బట్టలకు డబ్బు సమయానికి అందేలా పంపడం, ఇవే వారి పండుగ ఏర్పాట్లు.

ఆ డబ్బు నవంబరులో అందితే పిల్లలు పండుగకు కుట్టిన బట్ట కడతారు, డిసెంబరు 23న అందితే అంగట్లో మిగిలినది కొనుక్కుంటారు. అనేక సంఘాలు వితంతువులకు, నిరుపేదలకు పంచే చీరల విషయంలోనూ ఈ గడువే వర్తిస్తుంది. సాధారణంగా ఈ పంపిణీ క్రిస్మస్‌కు ఒకటి రెండు రోజుల ముందు, అతిథులను పిలిచి, వేదిక మీద జరుగుతుంది. అప్పటికి దర్జీ అంగడి నిండిపోయి ఉంటుంది. చీర అందుకున్న వృద్ధురాలు దానికి రవికె కుట్టించుకోలేక, పండుగ ఉదయం పాత చీరతోనే చర్చిలో చివరి వరుసలో కూర్చుంటుంది. సంఘం తన ఖర్చులన్నిటిలో ఈ ఖర్చును ముందుంచి, చీరను, రవికె గుడ్డను, కుట్టు కూలిని ఆగమన కాలపు మొదటి ఆదివారమే ఆమె ఇంటికి పంపితే, దర్జీ దగ్గర ఆమె బట్ట తక్కినవారి బట్టల కంటే ముందు వరుసలో ఉంటుంది.